ఇంటిల్లిపాదీ పార్కుకి, మే నెలలో



బడులకి సెలవులిచ్చేశారు. మామూలుగా జూన్ 12న మళ్లీ గంట కొట్టేదాకా పిల్లలు ఇంట్లోనే. వాళ్లకి తోడు మేనత్త పిల్లలు, పెద్దమ్మ పిల్లలు దిగుతారు. మొదటి రోజు క్యారమ్ బోర్డు దగ్గర గొడవ, రెండో రోజు సెల్‌ఫోన్ దగ్గర గొడవ. మూడో రోజు ఇంటి పెద్ద ఎవరో ఒకరు తట్టుకోలేక నోరు జారతారు: "ఒకరోజు అందర్నీ వండర్‌లా పార్కుకి తీసుకెళ్తాన్లే" అని. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి వెళ్లాలా వద్దా అన్న చర్చ నేను పెట్టను. వెళ్తారు. ఎలా వెళ్లాలన్నదే ఈ ప్రసంగం.

ముందు సూర్యుడి సంగతి చూద్దాం. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పడదు. విజయవాడలో అది మూడు నాలుగు రోజుల ముందే వస్తుంది, విశాఖలో ఒకరోజు అటూ ఇటూ. ఆ తర్వాత జూన్ అంతా కూడా సూర్యుడు నెత్తి మీది నుంచి పెద్దగా పక్కకి జరగడు. పార్కుకెళ్లేవాళ్లకి దీంతో పనేమిటంటారా? పన్నెండు గంటలప్పుడు గోడ పక్కన క్యూలో నిలబడితే ఆ గోడ నీడనివ్వదు. మూడు దాటాక అదే గోడకి తూర్పు వైపు చక్కటి నీడ పరుచుకుంటుంది. సెలవుల్లో పార్కు పటం చేతిలో పట్టుకుని రైడ్లు వెతుక్కుంటాం గాని, తూర్పు ఎటో పడమర ఎటో ఎవరం చూడం.

ఇంకొక సంగతి. టీవీలో "నేడు హైదరాబాద్ 41 డిగ్రీలు" అంటారు చూడండి, ఆ 41 ఎక్కడిది? వాతావరణ శాఖ వాళ్లు గాలి ఆడేలా పలకలు పెట్టిన తెల్లటి చెక్కపెట్టెలో, నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టిన థర్మామీటరు చూపించే లెక్క అది. అంటే నీడలో 41. ఎండలో కాగుతున్న తారురోడ్డు, సిమెంటు పలకలు అరవై దాటిపోతాయి. మీకు తగిలే సెగ వేరు, మీ చెయ్యి పట్టుకుని నడిచే మూడడుగుల పిల్లాడి మొహానికి తగిలే సెగ వేరు. పైగా పిల్లలకి బరువుతో పోలిస్తే ఒంటి చర్మం ఎక్కువ, బయటి వేడిని త్వరగా లాగేసుకుంటుంది. ఆటలో పడ్డవాడు తనంతట తాను ఆగి "నాకు వేడెక్కింది" అని చెప్పడు కదా.

ఇంతా చెప్పి, నా అనుమానం సూర్యుడి మీద కాదండీ. థీమ్ పార్కులో మనుషుల్ని పడేసేది ఎండకంటే ఎక్కువగా టికెట్టు. ఆరుగురికి టికెట్లు, పార్కింగు, లాకరు, లోపల తిండి అన్నీ కలిపితే మధ్యతరగతి ఇంటికి నెల సరుకుల ఖర్చు దగ్గరికొస్తుంది. అంత డబ్బు పోశాక "పైసా వసూలు కావాలి" అన్న పట్టుదల గేటు దగ్గరే పట్టుకుంటుంది. చిన్నది కళ్లు తేలేస్తున్నా, "ఇంకా అది ఎక్కలేదు, ఇది ఎక్కలేదు" అని లాక్కెళ్తారు. తండ్రికి నెత్తి దిమ్మెక్కుతున్నా చెప్పడు, ఎందుకంటే డబ్బులు కట్టింది ఆయనే. మూడింటికి బయల్దేరాల్సిన వాళ్లు ఆరున్నరకి, కోపాలతో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటికొస్తారు. టికెట్టు డబ్బు గేటు దగ్గరే అయిపోయింది. ఆ తర్వాత ఎన్ని రైడ్లెక్కినా అది తిరిగి రాదు, ఎన్ని మానేసినా ఇంకో రూపాయి పోదు.

అందుకని ముందురోజు రాత్రి ఇంట్లోనే మూడు సంగతులు తేల్చుకుని వెళ్లండి. ఎవరికి ఏ రైడ్లు తప్పనిసరి, ఒక్కొక్కరికి రెండు చాలు. ఎన్నింటికి బయటికి రావాలి. "ఇక చాలు" అనే హక్కు ఎవరిది. ఈ మూడోది అందరిలోకి చిన్నవాళ్లకీ, అందరిలోకి పెద్దవాళ్లకీ ఇవ్వండి. వాళ్లలో ఏ ఒక్కరు చాలన్నా చాలు. ఇంజనీరింగ్ చదివే అబ్బాయి మూతి ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి. వాడు స్నేహితులతో మళ్లీ వస్తాడు.

ఇక రోజును ఎలా కోయాలి? ఇక్కడే అందరూ ఒకేలా ఆలోచిస్తారు: మిట్టమధ్యాహ్నం ఎండగా ఉంటుంది కాబట్టి నీళ్లలోకి దూకుదాం. సగమే నిజం. ఎండ పెద్దది పన్నెండింటికి, వేడి పెద్దది మూడింటికి. చర్మాన్ని మాడ్చే కిరణాలు సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు ఎక్కువ. నేల కాగి, ఆ కాక గాలికెక్కి, ఉష్ణోగ్రత శిఖరానికి చేరేది మధ్యాహ్నం రెండున్నర, నాలుగు మధ్యలో. పన్నెండింటికి వేవ్‌పూల్‌లో మెడలోతు నీళ్లలో నిలబడితే ఒళ్లు చల్లగా ఉంటుంది గాని, పైనున్న తల, భుజాలు వేగిపోతాయి. చల్లగా ఉంది కదా అని ఎవరూ బయటికి రారు. రాత్రికి భుజాలు మండి చొక్కా తగలనివ్వరు.

మన దగ్గర ఈ పార్కులు చాలావరకు పదిన్నర, పదకొండు దాకా గేట్లు తెరవవు. ఎండ ముదిరాకే లోపలికి రమ్మంటారన్నమాట. ఎవరి కోసం పెట్టిన వేళలో నాకైతే అంతుపట్టదు. సరే, ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి. తెరిచిన గంటలోపు క్యూలు చిన్నగా ఉంటాయి, నీళ్లు లేని పెద్ద రైడ్లు అప్పుడే కానిచ్చేయాలి. పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా కప్పు కింద గడపాలి. భోజనం, ఏసీ హాల్లో ఆడే ప్రదర్శనలు, కాసేపు కునుకు. వేడి బాగా పెరిగి, కిరణాల పదును తగ్గే మూడు గంటల వేళ నీళ్లలో దిగాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. చాలాచోట్ల నీటి రైడ్లు పార్కు కంటే ముందే మూసేస్తారు. ఎన్నింటికి మూస్తారో లోపలికి వెళ్లగానే అడిగి పెట్టుకోవాలి.

క్యూ సంగతి బోర్డు మీద రాసినా రాయకపోయినా మీరే లెక్క కట్టొచ్చు. ఒక విడతకి ఎంతమంది ఎక్కుతున్నారు, ఒక విడత ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతోంది, రెండు విడతలు నిలబడి చూడండి. విడతకి ఇరవై మంది, మూడు నిమిషాలు అనుకుందాం. గంటకి నాలుగొందల మంది. మీ ముందు మూడొందల మంది ఉంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా రేకుల కిందా, ఆకాశం కిందా అన్నది చూసుకుని నిలబడండి. పిల్లల ఎత్తు కూడా ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి. 140 సెంటీమీటర్లు ఉంటేగాని ఎక్కనివ్వని రైడ్లున్నాయి. ముప్పావుగంట ఎండలో నిలబెట్టి, చివర్లో ఆ గీత దగ్గర పిల్లాణ్ణి వెనక్కి పంపిస్తే వాడు పెట్టే ఏడుపు ఆరు రైడ్లకి సరిపోతుంది.

ఇప్పుడు కాసేపు ఒక బెంచీ దగ్గర కూర్చుందాం. వేవ్‌పూల్ ఒడ్డున ప్రతి పార్కులోనూ ఉంటుందిది. దాని మీద అరవై దాటిన ఒక పెద్దావిడ. నేత చీర. పక్కన నాలుగు హ్యాండ్‌బ్యాగులు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సెల్‌ఫోన్లు, ఒళ్లో ఎవరివో కళ్లజోళ్లు. కాళ్ల చుట్టూ ఎనిమిది మంది చెప్పులు. అప్పుడప్పుడూ ఒకరు తడితడిగా పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఈ వాచీ పట్టుకో", "అత్తయ్యా, పాపని ఒక్క నిమిషం" అని ఇచ్చి పోతుంటారు. ఆవిడ పక్కన నీళ్ల సీసా ఉంది, మూత తీయలేదు. "తాగండమ్మా, ఎండగా ఉంది" అంటే నవ్వి, "తాగితే మళ్లీ అంత దూరం పోవాలి నాయనా, ఈ సామానెవరు చూస్తారు?" అంటుంది.

ఆ కుటుంబంలో వడదెబ్బకి అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి ఆవిడే. వయసు మీదపడ్డాక దాహం సరిగ్గా తెలియదు. బీపీకి వేసుకునే మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి. చెమట పట్టినా చీర మడతల్లో ఆరదు. మిగతా వాళ్లంతా గంటకోసారి తడిసి చల్లబడుతున్నారు, ఆవిడ ఒక్కతే పొద్దుటినుంచీ పొడిగా కూర్చుని కాగుతోంది. అందరూ ఆవిడ "హాయిగా కూర్చుంది" అనుకుంటున్నారు.

దీనికి మందు చాలా చవక. లాకరు అద్దెకి తీసుకోండి. తాళంచెవి మణికట్టుకి కట్టుకోండి. సామాను కాపలా అన్న ఉద్యోగమే రద్దు. తప్పనిసరి అయితే గంటకొకరు వంతులు వేసుకోండి, అదీ నీడలో, ఫ్యాన్ ఉన్నచోట. పెద్దవాళ్లని కూర్చోబెట్టే జాగా ఎంచేటప్పుడు పిల్లలు కనపడతారా అని కాదు, బాత్రూము ఎంత దూరమన్నది చూడండి. అది దగ్గరుంటే ఆడవాళ్లు నీళ్లు తాగుతారు, దూరముంటే తాగరు. మన దేశంలో ఆడవాళ్ల ప్రయాణాలన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయని మగవాళ్లకి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఈ లెక్క తెలిసిన మగవాడు మాత్రం ఒకాయన ఉన్నాడు, వాల్ట్ డిస్నీ. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైంలో డిస్నీల్యాండ్ తెరిచారు. ఆ రోజు అక్కడ దాదాపు 38 డిగ్రీల ఎండ. హడావుడిగా వేసిన తారు ఇంకా గట్టిపడక ఆడవాళ్ల ఎత్తుమడమల చెప్పులు దిగబడిపోయాయి. దొంగ టికెట్లతో అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా జనం వచ్చిపడ్డారు. దానికి ముందు ప్లంబర్ల సమ్మె జరగడంతో, తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా, రెంటిలో ఏదో ఒకటే పూర్తయ్యే పరిస్థితి. ఆయన మరుగుదొడ్లే పూర్తి చేయమన్నాడు. కుళాయిల్లో నీళ్లు లేకపోవడం చూసి, శీతల పానీయాలు అమ్ముకోవడానికి చేసిన పన్నాగమని జనం తిట్టుకున్నారు. తిట్లు తిన్నాడు గాని, సరిగ్గానే ఎంచుకున్నాడనే నేనంటాను.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఓఆర్ఎస్ గురించి ఒక్కమాట. మందుల దుకాణంలో ఓఆర్ఎస్ అడిగితే ఇన్నాళ్లూ రెండు రకాలు ఇచ్చేవాళ్లు. ఒకటి పొడి పొట్లం, రెండోది రంగురంగుల డబ్బాలో తియ్యటి పళ్లరసం లాంటిది. పిల్లలు రెండోదాని కోసమే చెయ్యి చాపేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో పదమూడున్నర గ్రాముల గ్లూకోజు ఉండాలి. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. కాబట్టి పొట్లమే కొనండి. లీటరు పొట్లం లీటరు నీళ్లలోనే కలపాలి, అరలీటరులో కలిపితే చిక్కనై మేలుకి బదులు కీడు చేస్తుంది. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి. మామూలుగా తిరిగేవాళ్లకి పలచటి ఉప్పు మజ్జిగ కంటే గొప్పది లేదు. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడే పెద్దవాళ్లు మాత్రం ప్రయాణానికి ముందే తమ డాక్టరుని ఒకమాట అడగాలి. నీళ్లలో ఆడేవాళ్లకీ చెమట పడుతుంది, తడిలో కనపడదంతే. పిల్లలు అడిగేదాకా ఆగకుండా అరగంటకోసారి రెండు గుక్కలు పట్టించండి.

బట్టల దగ్గర ఇంట్లో పెద్ద పంచాయతీయే జరుగుతుంది. ఎండాకాలం అనగానే మనం నూలు బట్టలు సర్దుతాం. నీటి రైడ్లలోకి నూలు బట్టలు రానివ్వరు, నైలాన్ కావాలంటారు. నూలు పోగులు నీటిని వడకట్టే యంత్రాల్లో చిక్కుకుంటాయని. తెలియక వెళ్తే లోపలి దుకాణంలో వాళ్లు చెప్పిందే ధర. పూర్తి చేతులున్న నైలాన్ టీషర్టు, మోకాళ్లు దాటే లాగు ఊళ్లోనే కొనుక్కుంటే ఎండ నుంచి కూడా కాపాడుతుంది. చీర తప్ప మరొకటి కట్టని అమ్మ నీళ్లలోకి దిగదు, ఆ బెంచీ ఆవిడకే వదిలేస్తారు. నేను చూసినంతలో, కోడలు ముందుగానే మెత్తటి నైలాన్ చుడీదార్ లాంటిది కుట్టించి, "అత్తయ్యా, అక్కడ మనల్నెవరు చూస్తారండీ" అంటే పదిమందిలో నలుగురైనా దిగుతారు. దిగినవాళ్లు సాయంత్రం దాకా పైకి రారు, అది వేరే సంగతి.

కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండాలి. ఒక కొలను నుంచి ఇంకో కొలనుకి వట్టికాళ్లతో పరిగెత్తే పిల్లల పాదాలు రాత్రికి బొబ్బలెక్కుతాయి.

తిండి బయటినుంచి తేనివ్వరు, మన పార్కుల్లో చాలాచోట్ల గేటు దగ్గరే సంచీ విప్పించి చూస్తారు. అయితే దారిలో తినడానికి అడ్డేముంది? తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకి చింతపండు పులిహోరని మించిన తోడు లేదు, మధ్యాహ్నం దాటినా చెడదు. పెరుగన్నం మాత్రం పెరుగుతో కలిపి తేకండి, పది గంటలకే పులిసిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలిపి డబ్బాలో పెడితే, దారిలోనే తోడుకుని తినే వేళకి కమ్మగా ఉంటుంది. కడుపునిండా తిని గేటులోకి వెళ్తే లోపల చిన్నదేదో తిని సరిపెట్టుకోవచ్చు. లోపల బిర్యానీ తిని, ఆ వెంటనే గిరగిరా తిప్పే రైడెక్కిన వాళ్ల వెనక సీట్లో మాత్రం కూర్చోకండి.

మాకు విజయవాడలో అక్కావాళ్లున్నారు. మొన్న బావగారు ఫోన్ చేసి, "బామ్మర్దీ, రెండ్రోజులొస్తున్నాం. ఒకరోజు రామోజీ, ఒకరోజు వండర్‌లా, రెండూ కొట్టేద్దాం" అన్నారు. మనిషి ఉత్సాహం చూస్తే కాదనబుద్ధి కాదు. "బావగారూ, రెండూ మీ దారిలోనే ఉన్నాయి గాని, రెండూ వరసగా వద్దండీ" అన్నాను. వెనక నుంచి అక్క, "నేను చెప్తే వినరు, వాడు చెప్తే వింటారేమో చూద్దాం" అంటోంది.

దారి సంగతి నిజమే. విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే హైదరాబాద్ ఊళ్లోకి రాకముందే, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. మరికాస్త ముందుకొచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, రావిర్యాల దగ్గర దిగితే 2016లో తెరిచిన వండర్‌లా. ఊళ్లోని ట్రాఫిక్ జోలికే పోనక్కర్లేదు. కాని రెండూ రెండు రకాలు. వండర్‌లాలో నీళ్లున్నాయి, ఒళ్లు చల్లబరుచుకునే వీలుంది. రామోజీ ఫిల్మ్ సిటీ వెయ్యికి పైగా ఎకరాల్లో పరుచుకున్న సినిమా ఊరు, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ బస్సెక్కడం, దిగడం, నడవడం, మళ్లీ ఎక్కడం. బాహుబలి సెట్టు దగ్గర మాహిష్మతి గోడలు నీడైతే ఇస్తాయి గాని చలవనివ్వవు, ఎంతైనా సెట్టు సెట్టే. ఎండాకాలంలో అక్కడ అసలు రుచి సాయంత్రానిది. దీపాలు వెలిగాక, ఆటపాటలు మొదలయ్యాక పెద్దవాళ్లకి కూడా ప్రాణం లేచొస్తుంది. కాబట్టి పొద్దున్నే వెళ్లి వాడిపోవడం కంటే మధ్యాహ్నం ఎండ తగ్గాక గట్టిగా చూడాల్సిన నాలుగు చూసి, రాత్రి దాకా ఉండటం మేలు. ఆ రోజు ఏ వేళ దాకా ఉంచుతారో టికెట్టు కొనేముందు కనుక్కోవాలి.

రోజు ఎంచుకోవడంలోనూ ఒక కిటుకుంది. శని, ఆదివారాలు వద్దని అందరికీ తెలుసు. వాతావరణ శాఖ హైదరాబాదు కేంద్రం వడగాలుల హెచ్చరికలు రంగుల్లో ఇస్తుంది. పసుపైతే జాగ్రత్తగా వెళ్లండి, నారింజ రంగు కనపడితే తేదీ మార్చుకోండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి మరి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న ఎండలు మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆ తర్వాత మృగశిర ప్రవేశించి, తొలి చినుకులు పడి, బడులు ఇంకా తెరవని నాలుగు రోజులుంటాయి చూడండి, నన్నడిగితే అవే బంగారం లాంటి రోజులు. అప్పుడు పిల్లల పుస్తకాలకి అట్టలు వేసే పనుంటుంది గాని, అట్టలు రాత్రి వేసుకోవచ్చు.

అమెరికాలో పిల్లలున్న శ్రోతలు చాలామంది ఉంటారు. ఎండాకాలం వెళ్లిన తల్లిదండ్రుల్ని వాళ్లు ఫ్లోరిడాలోని ఆర్లాండోకి, డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లడం ఇప్పుడు తీర్థయాత్ర లెక్క అయిపోయింది. 1971 అక్టోబరు 1న తెరిచిన ఆ చోట నాలుగు వేర్వేరు పార్కులున్నాయి. "33 డిగ్రీలేగా, మా బెజవాడలో చూడని ఎండా?" అని నాన్నగారు టోపీ కూడా పెట్టుకోరు. అక్కడ తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలి నిండా తడి ఉంటే అది ఆరదు. హైదరాబాదు 40 కంటే విశాఖ 36 ఎందుకు ఉక్కిరిబిక్కిరి చేస్తుందో, ఇదీ అందుకే. మధ్యాహ్నం మూడు, నాలుగు వేళ ఉరుములు మెరుపులతో వాన దాదాపు రోజూ పలకరిస్తుంది. పిడుగుల లెక్కలో అమెరికా రాష్ట్రాల్లో ఫ్లోరిడాదే ముందువరస. ఆ కాసేపూ బయటి రైడ్లు ఆపేస్తారు. కాని ఒక్క విషయంలో వాళ్లు మనకంటే నయం. పొద్దున్నే గేట్లు తెరుస్తారు, పదకొండు దాకా తిరిగి, హోటలుకెళ్లి పడుకుని, సాయంత్రం అదే టికెట్టు మీద మళ్లీ రావొచ్చు. ఇంటినుంచి తెచ్చుకున్న తిండిని ఆపరు, గాజు సీసాలు మాత్రం ఉండకూడదు. అమ్మ చేసిన పులిహోర డబ్బా దర్జాగా లోపలికెళ్తుంది. తిండి అమ్మే కౌంటర్లలో మంచినీళ్లు అడిగితే ఐసు వేసి ఊరికే ఇస్తారు. చంటిపిల్ల ఉంటే రైడర్ స్విచ్ అని ఉంది. ఒకరు పిల్లతో నీడలో కూర్చుంటే, ఇంకొకరు ఎక్కి దిగాక, రెండోవారు మళ్లీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. ఇలాంటి ఏర్పాటు మన పార్కులూ చేస్తే ఎంత బావుంటుంది! అది లేనిచోట కూడా రైడు దగ్గరున్న కుర్రాణ్ణి మర్యాదగా ఒకమాట అడిగి చూడండి, పోయేదేముంది.

వడదెబ్బ గుర్తులు ఒకసారి చెప్పుకుందాం. తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం, ఒళ్లంతా చెమట, ఇది మొదటి మెట్టు. నీడలోకి తీసుకెళ్లి, పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తున పెట్టి, ఓఆర్ఎస్ పట్టిస్తే తేరుకుంటారు. మాట తడబడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం, అది రెండో మెట్టు, ప్రాణం మీదికొచ్చినట్టే. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందన్నమాట. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఒంటినిండా నీళ్లు చల్లి, గట్టిగా విసురుతూ, మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టి 108కి ఫోన్ చేయండి. పార్కు ప్రథమ చికిత్స గది ఎక్కడుందో లోపలికెళ్లగానే చూసి పెట్టుకోండి. నిద్రపోతున్న పిల్లని కారులో వదిలి "ఐదు నిమిషాల్లో వస్తాం" అని మాత్రం పోవద్దు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది.

చివరిగా డ్రైవరు. పొద్దంతా ఎండలో, నీళ్లలో ఆడినవాడు రాత్రి విజయవాడ దాకా 270 కిలోమీటర్లు స్టీరింగు పట్టుకుంటానంటే ఒప్పుకోకండి. వెనక సీట్లో అందరూ నిద్రపోతారు, మాట్లాడి మెలకువగా ఉంచేవాళ్లుండరు. నడిపేవాడు ఆ రోజు నీళ్లలో దిగకుండా మధ్యాహ్నం గంటసేపు నిద్రపోవాలి. లేదా ఆ రాత్రికి హయత్‌నగర్ దగ్గరో, బంధువుల ఇంట్లోనో ఆగిపోవాలి. బావగారు ఈ షరతుకి ఒప్పుకున్నారు. రామోజీ వచ్చే దసరాకి వాయిదా పడింది. వండర్‌లాకి బుధవారం తేదీ తీసుకుంటున్నాం. అక్క నైలాన్ చుడీదార్‌కి కొలతలిచ్చింది, అమ్మ మాత్రం ఇంకా ఆలోచిస్తోంది.